ముందు సీటు

“ఇప్పుడు తిప్పు,” అన్నాడు కామరాజు.

బిక్షపతి డ్రైవరు వైపు తలుపు బయట నిలబడి, లోపలికి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. వ్యాను ఒకసారి దగ్గింది, ఇంకోసారి దగ్గింది, మూడోసారి ఒళ్ళంతా ఊగిపోతూ లేచింది. ఎడమవైపు సీటు ఎత్తి వెనక్కి వాల్చి ఉంది, దాని కింది గుంటలో ఇంజన్ వణుకుతూ కనిపిస్తోంది, వెనక గొట్టంలోంచి నల్లటి పొగ ముద్దలు ముద్దలుగా వచ్చి షెడ్డు రేకులకు తగిలి కిందికి దిగుతోంది. పెట్రోలు వాసన కళ్ళలోకి పోతోంది. నాచారం నుంచి మల్లాపూర్ పోయే రోడ్డు పక్కన, మూతపడిన ఫ్యాక్టరీ గోడకు ఆనించి వేసుకున్న షెడ్డు అది, కామరాజు ఒక్కడే పని చేసుకుంటాడు. ఒంటిగంటన్నర అయింది. మూడున్నరకు ఉప్పల్‌లో స్కూలు గేటు ముందు ఉండాలి, పదకొండు మంది పిల్లలు. ఇంకా రెండు గంటలుంది, ప్లగ్గులు తుడిచి ఏదో ఒకటి బిగించి ఇస్తాడు, బండి కుదుటపడుతుంది, అంతే. ఈ మాట పొద్దుటినుంచి ఎన్నిసార్లు అనుకున్నాడో. బండి గురించి అనుకుంటున్నంతసేపూ బండి గురించే అనుకోవచ్చు. వ్యాన్లో వచ్చే చిన్నపిల్లాడు అభినవ్ గురించి అనుకోనక్కరలేదు. వాడికి పొద్దున తిన్న ఇడ్లీ పడలేదు. స్కూల్లో ఆయమ్మ కూడా అదే అంది. చిన్నపిల్లలకు వాంతులు కావా ఏంటి.

కామరాజు ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే పీకి మళ్ళీ తగిలిస్తున్నాడు. మొదటిది పీకితే ఇంజన్ ఇంకా కుంటింది, మధ్యది పీకితే ఏమీ తేడా తెలియలేదు, మూడోది పీకగానే చచ్చినట్టు ఆగిపోయింది. మూడింట్లో ఒకటి అసలు పని చెయ్యడం లేదన్నమాట. చప్పుడు బట్టి అది తనకూ తెలుసు, తెలియక కాదు. పద్నాలుగేళ్ళు ఈ నాచారంలోనే దారం మిల్లులో చేశాడు, వందల కదుర్లు తిరుగుతుంటే వాటిల్లో ఒక్కటి గొంతు మార్చినా పడుకున్నవాడు లేచి చూసేవాడు. మిల్లు మూసేశాక వచ్చిన డబ్బుతో ఈ వ్యాను కొన్నప్పుడు, తొంభై ఏడులో తయారైన పాత బండి అని భార్య సారలమ్మ మూతి ముడుచుకుంటే, మిషన్ల మధ్యనే బతికిన నాకు నువ్వు చెప్తావా అని నవ్వాడు. దసరా తరవాత బండి గొంతు మారింది. మారిందని తెలిసింది. తెలిసి ఏం చేశాడు? వెనక పిల్లలు పాటలు పాడుతున్నారు, పాడనీ అనుకున్నాడు. డిసెంబరు నెలంతా బందులు, స్కూళ్ళు లేవు, వ్యాను చిలకానగర్‌లో ఇంటి ముందు దుమ్ము పట్టి నిలబడింది, అప్పుడన్నా ఇక్కడికి తేవచ్చు. టీ కొట్టు దగ్గర కూర్చుని తెలంగాణ వచ్చేసినట్టే అని ఒకడంటే ఇంకా రాలేదని ఇంకొకడనడం వింటూ రోజులు గడిపాడు. జనవరిలో స్కూళ్ళు తెరిచేసరికి చలి బాగా పెరిగింది, పిల్లలు స్వెటర్లు వేసుకుని వచ్చి కూర్చోగానే కిటికీ అద్దాలన్నీ జరిపి మూసుకోవడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఆలోచన ఆగిపోయింది. ఎందుకు ఆగిందో బిక్షపతికి తెలియలేదు. కిటికీలు మూసుకుంటే ఏమైంది, చలికి అందరూ మూసుకుంటారు.

మూడు ప్లగ్గులూ తీసి కామరాజు పాత పేపరు మీద వరసగా పెట్టాడు. మూడూ నల్లగా ఉన్నాయి, దీపం పొగకు పట్టిన కాటుకలాగా పొడిపొడిగా, వేలితో రుద్దితే చర్మం గీతల్లోకి ఎక్కిపోయే నలుపు. గాలి సరిపోక పెట్రోలు ఎక్కువై సగం కాలి సగం కాలకుండా పోతోందని చెప్పాడు కామరాజు. ఆయనది రాజమండ్రి దగ్గర, కానీ ఇరవై ఏళ్ళ నుంచి ఇక్కడే, మెల్లగా మాట్లాడతాడు, డాక్టరు నాలుక చూసినట్టు ప్రతి భాగాన్నీ వెలుతురుకు పెట్టి చూస్తాడు. గాలి జల్లెడ తీసి చూశాడు, శుభ్రంగానే ఉంది. గాలి దారికి అడ్డంగా ఉండే చోక్ రేకు పూర్తిగా తెరుచుకుంటోందో లేదో వేలితో ఆడించి చూశాడు, తెరుచుకుంటోంది. ఆయిల్ పుల్ల బయటికి లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, ఆయిల్లో కూడా పెట్రోలు దిగిందన్నాడు. తరవాత కార్బొరేటరు పక్కన, పెట్రోలు హెచ్చుతగ్గులు సరిచేసే చిన్న స్క్రూ దగ్గర ఆగాడు.

“ఈ స్క్రూ ఎవరన్నా తిప్పారా?”

“లేదన్నా,” అన్నాడు బిక్షపతి. నోరు దానంతటదే అనేసింది. అనేశాక చెవులు వేడెక్కాయి. సంక్రాంతి సెలవుల తరవాత మొదటి రోజు, చిలకానగర్ మలుపులో బండి ఆగిపోతూ ఆగిపోతూ ఉంటే, వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొడుతుంటే, పిల్లలకు ఆలస్యమవుతుంటే, స్క్రూడ్రైవర్ తీసుకుని తనే తిప్పాడు. ఇంజన్ నిలబడేదాకా తిప్పాడు. ఎన్ని చుట్లో చూసుకోలేదు. రేడియేటర్లో నీళ్ళు చూద్దామని అంతకుముందు ఎప్పుడో ఇంజన్ మూత పీకినప్పుడు దాని చుట్టూ ఉన్న రబ్బరు చినిగింది, దాన్నీ అలాగే వదిలేశాడు, దుమ్ము వస్తుందేమో, వస్తే రానీ అనుకున్నాడు. ఇప్పుడు ఒకదాని పక్కన ఒకటి ఇవన్నీ ఎందుకు గుర్తొస్తున్నాయి. కామరాజు అడిగింది స్క్రూ గురించే కదా.

కామరాజు ప్లగ్గులు తుడిచి పెట్టి మళ్ళీ స్టార్ట్ చేయించి, కార్బొరేటరు గొంతులోకి టార్చి వేసి చూడమన్నాడు. లోపల గొట్టం చివర పెట్రోలు చుక్క కడుతోంది, రాలుతోంది, మళ్ళీ కడుతోంది. ఇలా కారకూడదట. బండి ఆపించి, నాలుగు స్క్రూలు విప్పి మూత ఎత్తి, లోపలినుంచి బొటనవేలంత ఫ్లోటు బయటికి తీసి చెవి దగ్గర ఆడించాడు, బిక్షపతి చెవి దగ్గర కూడా ఆడించాడు. లోపల నీళ్ళు ఊగినట్టు చప్పుడు. నీళ్ళు కాదు, పెట్రోలు. తేలాల్సినది, ఎక్కడో సూదిబెజ్జమంత పగిలి, పెట్రోలు తాగి మునిగిపోయింది. అది తేలితేనే పెట్రోలు వచ్చే దారి మూసుకుంటుంది, తేలకపోతే వస్తూనే ఉంటుంది. ఇంతేనా, అనిపించింది బిక్షపతికి. గుండె ఒక్కసారి తేలికైంది. నిజంగానే నవ్వు వచ్చింది. ఇంత చిన్నదా, దీనికోసమా పొద్దుటినుంచి ఇంత బెంగ. పాత కార్బొరేటర్ల డబ్బాలో ఇంకో ఫ్లోటు ఉందట, అరగంట పని. మూడింటికల్లా బయలుదేరవచ్చు, కూతురు గౌతమికి గేటు దగ్గర జామకాయ కొనిపెట్టవచ్చు, ఆ పిల్ల రెండు రోజులుగా తనతో సరిగ్గా మాట్లాడటం లేదు.

కామరాజు మాత్రం లేవలేదు. ఇంజన్ గుంటలోకి ఇంకా కిందికి వంగాడు. పొగ బయటికి పోయే ఇనప గొట్టం ఇంజన్‌కు అతుక్కునే చోట టార్చి నిలిపాడు. అక్కడ అతుకు చుట్టూ మసి, విసనకర్రలా విచ్చుకుని పైకి పాకింది. మధ్యలో ఉండే రేకు కాలిపోయి పొగ అక్కడే బయటికి తన్నుతోందని తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. మసి వెంట వేలు పోనిచ్చాడు. గుంట అంచుకు వచ్చింది, చినిగిన రబ్బరు దగ్గరికి వచ్చింది, ఎత్తిపెట్టిన సీటు అడుగుకు వచ్చింది. సీటు అడుగున, చెక్క మీద, అరచెయ్యి వెడల్పున నల్లటి మరక.

“ఈ సీట్లో ఎవరు కూర్చుంటారు?” అన్నాడు కామరాజు, వెనక్కి తిరగకుండా.

బిక్షపతి ఆ మరకనే చూశాడు. “మా బిడ్డ,” అన్నాడు. “ఇంకో పిలగాడు కూసుంటడు, ఆమె పక్కన. ఆరేండ్ల పిలగాడు.” తరవాత ఎందుకో, అడగకపోయినా, “ఇంజన్ మీద ఎచ్చగ ఉంటదని నేనే కూసోబెట్టిన,” అన్నాడు.

కామరాజు లేచి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. కిటికీలు మూస్తారా అని అడిగాడు, తలనొప్పులు, నిద్రలు, వాంతులు ఏమన్నా ఉన్నాయా అని అడిగాడు. గాలి సరిపోకుండా కాలే పెట్రోలులోంచి ఒక విషవాయువు వస్తుందని, దానికి వాసన ఉండదని, మనకు వాసన వచ్చేది పెట్రోలుదే గాని దానిది కాదని, అది పీల్చినవాళ్ళకు ముందు తల దిమ్ముగా ఉంటుందని, తరవాత నిద్ర వస్తుందని చెప్పాడు. కాకినాడలో తను పని నేర్చుకున్న రోజుల్లో లారీ క్యాబిన్లో అద్దాలెత్తుకుని ఇంజన్ ఆపకుండా పడుకున్న ఇద్దరి సంగతి మొదలుపెట్టి, బిక్షపతి మొహం చూసి మధ్యలో ఆపేశాడు.

నిద్ర. ఆ ఒక్క మాట దగ్గర పొద్దుటినుంచి మూసి పెట్టిన తలుపు తెరుచుకుంది. ఎనిమిదిన్నరకు స్కూలు గేటు, పిల్లలు బిలబిలా దిగుతున్నారు, అభినవ్ దిగలేదు. గౌతమి భుజం మీద తల పెట్టి పడుకుని ఉన్నాడు, బుగ్గలు ఎర్రగా, ఎంత ముద్దుగా ఉన్నాడో అనుకున్నాడు తను, ముద్దుగా, ఆ బుగ్గలు చూసి. లెవ్వురా, స్కూలొచ్చింది అన్నాడు. లేవలేదు. భుజం పట్టి ఊపాడు. తల అటు వాలింది, ఇటు వాలింది. చంకలో వేసుకుని బయటికి తెచ్చి నిలబెడితే కాళ్ళు మడతపడ్డాయి. ఎంతసేపు? పది అంకెలు లెక్కపెట్టేంతసేపు, ఇరవై, తెలియదు, రోడ్డు మీద చప్పుళ్ళన్నీ ఆగిపోయినంతసేపు. తరవాత కళ్ళు తెరిచి తన చొక్కా మీదే వాంతి చేసుకున్నాడు. తిన్నది పడలేదు అన్నారెవరో, ఆ మాటను తను చెయ్యి చాచి అందుకున్నాడు, అందుకుని జేబులో వేసుకున్నాడు. గౌతమి అప్పుడు ఏం చేస్తోంది? గేటు కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడింది. చూశాడు. చూసి కూడా బండెక్కి వచ్చేశాడు.

దానికంటే ముందు సోమవారం. క్లాసు టీచరు మంగతాయారు మేడం డైరీలో రాసి పంపింది, మీ అమ్మాయి మొదటి పీరియడంతా నిద్రపోతోంది అని. ఎనిమిదో తరగతి పిల్ల. నాగోలు వంతెన దగ్గర ప్యాకింగ్ కంపెనీలో సారలమ్మ రోజంతా నిలబడి పని చేసేది ఈ పిల్ల చదువుకోసమే. తను డైరీ ముందు పడేసి అడిగితే, గౌతమి నెమ్మదిగా చెప్పింది, “బాపూ, వ్యాన్ల కూసుంటే తల తిరుగుతాంది.” పిల్ల సాకులు నేర్చిందనుకున్నాడు. చెయ్యి లేచింది. చెంప మీద చప్పుడు. ఆ పిల్ల ఏడవలేదు, ఏడవకుండా పోయి పడుకుంది. మర్నాడు పొద్దున తలుపు తీసుకుని మళ్ళీ అదే సీట్లో ఎక్కి కూర్చుంది, అభినవ్‌ను పక్కన ఎక్కించుకుంది, వాడికి చలేస్తుందని తన చున్నీ కప్పింది. డ్రైవరు వైపు తన కిటికీ మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటుంది, మోచెయ్యి బయట పెట్టుకుని నడపడం అలవాటు. తనకు గాలి. ఆ పిల్లకు అది.

జేబులో ఫోను మోగింది. తీసేలోపు ఆగిపోయింది. చూస్తే మూడు మిస్‌డ్ కాల్స్, ఇంజన్ చప్పుడులో వినపడలేదు. స్కూలు నంబరు. వేలు బటన్ మీద పెట్టాడు, నొక్కలేదు. నొక్కితే ఏం వింటాడు? నొక్కకపోతే ఏదీ జరగనట్టే కదా, ఇంకొక్క నిమిషం. రోడ్డు మీద ఇసుక లారీ పోయింది. ఎవరో సైకిలు మీద ఈల వేసుకుంటూ పోయారు. గౌతమి పుట్టినప్పుడు దవాఖానాలో గుడ్డలో చుట్టి చేతిలో పెడితే పట్టుకోవడం రాక అలాగే బిర్రబిగుసుకుని నిలబడ్డాడు, ఇప్పుడూ అలాగే నిలబడ్డాడు, ఫోను రెండు చేతులతో పట్టుకుని. కామరాజు వచ్చి ఏమీ అనకుండా ఆ బటన్ తనే నొక్కి ఫోను అతని చెవికి ఆనించాడు.

మంగతాయారు మేడం ఎత్తింది. గౌతమి తలనొప్పి అంటే స్టాఫ్ రూములో పడుకోబెట్టామని, మెలకువగానే ఉందని, నీళ్ళు తాగిందని చెప్పింది. ఫోను చేసింది అందుకు కాదంది. అభినవ్‌ను వాళ్ళమ్మ పదకొండింటికి వచ్చి తీసుకుపోయింది, హబ్సిగూడలో ఏదో నర్సింగ్ హోమ్‌లో చేర్చారు, వాంతులు తగ్గలేదు, పిల్లాడు మగతగా ఉన్నాడు, వాడు ఏం తిన్నాడో ఎవరికీ తెలియడం లేదు, వ్యాన్లో ఎవరన్నా ఏమన్నా పెట్టారా అని డాక్టరు అడిగిస్తున్నాడు.

అంటే వాళ్ళు ఇంకా తిండి అనే అనుకుంటున్నారు. బిక్షపతి ఫోను దించాడు. తను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన ఎవరో పక్కనే నిలబడి చెప్పినంత స్పష్టంగా వచ్చింది. ఫ్లోటు మారుస్తారు, రేకు మారుస్తారు, రబ్బరు అతికిస్తారు, సీటు కింద మరక తుడుస్తారు. పిల్లాడు రేపటికి లేచి కూర్చుంటాడు. లేవకపోతే? చెబితే బుచ్చిబాబు సారు, అభినవ్ తండ్రి, పెద్ద ల్యాబులో పనిచేసేవాడు, ఊరుకుంటాడా. పోలీసులు వస్తారు. పది ఇళ్ళవాళ్ళూ వచ్చి మీద పడతారు, పడాల్సిందే. బండి పోతుంది. సారలమ్మకు ఏమని చెప్పాలి. లేవకపోతే, లేవకపోతే అన్న మాట తలలో ఆగని మిషన్‌లా తిరుగుతోంది. అక్కడ డాక్టరు కడుపు చూస్తున్నాడు, పిల్లాడికి పట్టింది కడుపులో లేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఈ ఊరు మొత్తంలో ఇద్దరే ఉన్నారు, ఇద్దరూ ఈ రేకుల కింద నిలబడి ఉన్నారు.

అభినవ్ తల్లి తారామణి నంబరు నొక్కాడు. ఆమె ఏడుస్తూనే ఎత్తింది.

“అమ్మా, నేను వ్యాన్ బిక్షపతిని. బాబు తిన్నది ఏం కాదమ్మా. నా బండి పొగ. ఇంజన్ల కెల్లి పొగ లోపల్కి వచ్చి పిల్లలు పీల్చిన్రు. తప్పు నాదే, స్క్రూ గూడ నేనే తిప్పిన. డాక్టర్‌కు జర జల్ది చెప్పున్రి.”

అటువైపు ఏడుపు ఆగింది. తరవాత ఆమె, తిట్టలేదు, అరవలేదు, గొంతు పూర్తిగా మారిపోయి, “ఏ పొగ అని చెప్పాలి? పేరేమిటి?” అంది. పేరు బిక్షపతికి తెలియదు. ఫోను కామరాజుకు ఇచ్చాడు. కామరాజు “కార్బన్ మోనాక్సైడ్ అని చెప్పండమ్మా” అని రెండుసార్లు, అక్షరం అక్షరం విడదీసి చెప్పాడు. ఫోను వెనక్కి ఇస్తూ స్కూటరు తాళాలు కూడా చేతిలో పెట్టాడు. వ్యాను ఇక్కడే ఉంటుంది అన్నాడు.

ఆ తరవాతవన్నీ ముక్కలు ముక్కలుగా జరిగాయి. దారిలో ఇంకో వ్యాను నడిపే తిరుపతికి ఫోను చేసి, మిగతా తొమ్మిది మందినీ రెండు ట్రిప్పుల్లో ఇళ్ళకు దింపమని, అద్దాలు తెరిచి పెట్టమని బతిమాలాడు. గౌతమిని స్టాఫ్ రూములోంచి ఎత్తుకున్నాడు, పెద్దపిల్ల, నడుస్తాను బాపూ అంది, వినలేదు. అదే నర్సింగ్ హోమ్‌కు తీసుకుపోయాడు. అభినవ్‌కు అప్పటికే ఆక్సిజన్ పెట్టారు, మంచం పక్కన బుచ్చిబాబు సారు నిలబడి ఉన్నాడు. ఆయన చూసిన చూపు బిక్షపతి తల దించుకుని తీసుకున్నాడు. గౌతమికి కూడా రక్తం తీసి మాస్కు పెట్టారు. డాక్టరు, ఇప్పటికైనా తెలిసింది నయం, ఇద్దరికీ గండం గడిచినట్టే, మిగతా పిల్లలు రోజంతా బయటి గాలిలో ఉన్నారు కాబట్టి చాలావరకు ఫర్వాలేదు, కానీ ఎవరన్నా మగతగా ఉంటే వెంటనే తీసుకురావాలి అన్నాడు. మగతగా. బిక్షపతి గౌతమి దగ్గర కూర్చుని, ఆ పిల్ల జుట్టు మీద చెయ్యి పెట్టి, సోమవారం గురించి ఏదో చెప్పబోయాడు. “తప్పైంది బిడ్డా,” అన్నంతవరకే వచ్చింది. గౌతమి మాస్కు లోపల్నుంచి తలాడించింది. తరవాత సారలమ్మ వచ్చి పిల్ల దగ్గర కూర్చుంది. బిక్షపతి లేచి మెట్ల మీదికి వచ్చాడు.

తొమ్మిది ఇళ్ళున్నాయి. ఒక్కొక్క నంబరూ తీసి, ఒక్కొక్కరికీ మొదటినుంచి చెప్పాలి. మొదటివాళ్ళు బూతులు తిట్టారు, పిల్ల బయట ఆడుకుంటోందని చెప్పి పెట్టేశారు. ఆడుకుంటోందన్న మాట ఒక్కటే విన్నాడు, మిగతావి పోనిచ్చాడు. రెండో ఇంట్లో తండ్రి అంతా విని బండి నంబరు రాసుకున్నాడు, అది ఇంకా కష్టమైంది. నాలుగోది కాప్రాకు ఇవతల ఒక కొత్త కాలనీలో ఉండే ఉమ గారిది, ఆమె కూతురు హరిణి రెండో తరగతి. ఈ ఏడాదే వచ్చి చేరిన పిల్ల, ఎప్పుడూ వెనక చివరి సీట్లో కూర్చుంటుంది.

ఆమె ఎత్తగానే బిక్షపతి పాప ఏం చేస్తున్నదని అడిగాడు.

“నిద్రపోతోంది. స్కూలు నుంచి రాగానే పడుకుంది. ఏం, బిక్షపతీ?”

“లేపున్రి అమ్మా,” అన్నాడు. “అన్నీ తర్వాత చెప్త. ముందుగాల్ల పాపను లేపున్రి. ఫోన్ పెట్టకున్రి.”

అతని గొంతులో ఏం విందో, ఆమె మళ్ళీ అడగలేదు. అడుగుల చప్పుడు వినిపించింది. ఒక తలుపు. హరిణీ, అని పిలుపు. ఏమీ లేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, లేక తన రక్తం చప్పుడో. హరిణీ, లేమ్మా. మంచం కిర్రుమంది. మెట్ల కింద ఆటోలు పోతున్నాయి, బిక్షపతి రెండో చెవి అరచేత్తో మూసుకున్నాడు, ఊపిరి బిగబట్టి మోకాళ్ళ మీదికి వంగాడు. హరిణీ, హరిణీ, ఆ తల్లి గొంతు ఇప్పుడు పెరిగింది, వణికింది. ఆ తరవాత, ఎక్కడో దూరంగా, విసుగ్గా, చాలా విసుగ్గా, ఒక చిన్న గొంతు, “అబ్బా, ఏంటమ్మా,” అంది.